అల గియ్యాలి, అంతే!

విశాఖపట్నంలో ఏ కార్పొరేట్ బడికైనా వెళ్లి, తొమ్మిదో తరగతి పిల్లనొకర్తెను లేపి అడగండి, సర్వసమాన త్రిభుజాలంటే ఏమిటని. గుక్క తిప్పుకోకుండా భు.కో.భు, కో.భు.కో, భు.భు.భు, లం.క.భు అని నాలుగు మంత్రాలు అప్పజెబుతుంది. సరే, రెండు త్రిభుజాల వైశాల్యం సమానమైతే అవి సర్వసమానమేనా అని అడగండి. పిల్ల మాస్టారి వైపు చూస్తుంది. మాస్టారు గైడు వైపు చూస్తాడు. గైడులో ఆ ప్రశ్న ఉండదు.

మా పక్క వాటా వాళ్లమ్మాయి మొన్న యూనిట్ టెస్ట్ పేపరు తెచ్చి చూపించింది. లెక్క అంతా ఒప్పే. చివరి వరసలో సర్వసమానం గుర్తు పెట్టాల్సిన చోట మామూలు సమానం గుర్తు పెట్టింది. ఎర్ర సిరాతో సున్నా చుట్టి అర మార్కు కోసేశారు. కోయడం తప్పనను. ఎందుకు కోశారో చెప్పారా అని అడిగాను. "సమానం నెత్తి మీద అల గియ్యాలంట, గియ్యకపోతే మార్కు పోద్దన్నారు తాతయ్యా" అంది. ఏడో తరగతి నుంచి మూడేళ్లపాటు ఆ పిల్ల బుర్రలోకి ఎక్కించిన జ్యామితి సారం అంతా కలిపి అది: అల గియ్యాలి.

దీన్ని దస్తూరీ అనండి, చదువు అనకండి. ఫీజు రసీదు మీద మాత్రం ఐఐటీ ఫౌండేషన్ అని అచ్చు వేస్తారు. ఆరో తరగతి నుంచే పునాది వేసేస్తున్నామని ద్వారకానగర్ నుంచి కూర్మన్నపాలెం దాకా హోర్డింగులు కట్టేశారు. ఏం పునాది అయ్యా? గుర్తు ఎలా గియ్యాలో చెప్పి, గుర్తుకి అర్థం చెప్పకుండా వదిలేసేది ఏం పునాది?

ఆ అర్థం నేను చెబుతాను. సమానం అనేది సంఖ్యల మధ్య మాట. ఈ గీత పొడవు ఐదు సెంటీమీటర్లు, ఆ గీత పొడవు ఐదు సెంటీమీటర్లు. ఐదూ ఐదూ సమానం. గీతలు మాత్రం రెండు గీతలే, ఒకటి నోట్సులో ఉంది, ఒకటి బల్ల మీద ఉంది. సర్వసమానం అనేది ఆకారాల మధ్య మాట. ఒకదాన్ని జరిపో, తిప్పో, బోర్లించో రెండోదాని మీద పెడితే అంచుకి అంచు, మూలకి మూల కూర్చోవాలి. మొదటిది ఒక్క కొలత గురించి చెప్పి మిగతా వాటి గురించి నోరు మెదపదు. రెండోది పొడవులు, కోణాలు, వైశాల్యం, చుట్టుకొలత అన్నిటికీ ఒకేసారి పూచీ పడుతుంది. ఈ తేడా తెలియని మనిషికి 'సమానం' అన్న మాట చెప్పి ఎవరైనా ఏదైనా అంటగట్టగలరు. నా గొడవంతా అదే.

నమ్మకం కుదరకపోతే అట్ట తీసుకోండి. 20, 21, 29 సెంటీమీటర్ల భుజాలతో ఒక త్రిభుజం కోయండి. 17, 25, 28 భుజాలతో ఇంకొకటి కోయండి. చుట్టుకొలతలు కూడండి: 70, 70. హెరాన్ సూత్రం వేసి వైశాల్యం కట్టండి: 210, 210. పట్టిన అట్ట సమానం, తూకం సమానం, అంచు చుట్టూ జిగురు కాగితం అతికిస్తే అదీ సమానం. ఇప్పుడు ఒకదాని మీద ఒకటి పెట్టండి. రాత్రంతా తిప్పినా కూర్చోవు. మొదటిది లంబకోణ త్రిభుజం. రెండోదానిలో లంబకోణం దీపం పెట్టి వెతికినా దొరకదు.

ఇంతకంటే గడుసు జత ఒకటుంది. త్రిభుజానికి భుజాలు మూడు, కోణాలు మూడు, వెరసి ఆరు. 8, 12, 18 భుజాల త్రిభుజం ఒకటి, 12, 18, 27 భుజాల త్రిభుజం ఒకటి గీయండి. రెండోది మొదటిదానికి సరిగ్గా ఒకటిన్నర రెట్లు, కాబట్టి మూడు కోణాలూ కలుస్తాయి. పైగా 12 ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. 18 కూడా అంతే. ఆరింట ఐదు కలిశాయి! మన బళ్ల లెక్కన ఎనభై మూడు శాతం, ఫ్లెక్సీ మీద ఫొటో వేసే మార్కులు. అయినా సర్వసమానం కావు. పెద్దదాని వైశాల్యం చిన్నదానికి రెండుంపావు రెట్లు. కారణం ఏమిటంటే, 12 ఒక త్రిభుజంలో నడిపి భుజం, రెండోదానిలో కడగొట్టు భుజం. ఏది దేనికి జోడీ అన్నది తప్పింది. అనురూప భుజాలు అని పుస్తకంలో ఉన్న మాటని గబగబా చదివించి పేజీ తిప్పేశారే, ప్రాణమంతా ఆ మాటలో ఉంది. ఈ జతని ఒక్కసారి చేతికిచ్చి చూడండి, భు.కో.భు లో కోణం ఆ రెండు భుజాల మధ్యే ఎందుకుండాలో పిల్ల తానే మిమ్మల్ని అడుగుతుంది.

ఆ నాలుగు నియమాలు అసలు ఎందుకున్నాయో కూడా ఎవరూ చెప్పరు. ఆరు కొలతలూ కొలవక్కర్లేకుండా మూడింటితో పని కానిచ్చుకోవడానికి ఉన్నాయి. ఒక భుజం, దాని రెండు చివర్ల కోణాలు తెలిస్తే త్రిభుజం మొత్తం చేతికొస్తుంది. 19వ శతాబ్దంలో సర్వే వాళ్లు ఆ ధైర్యంతోనే ఒక్కో బేస్‌లైన్‌ని నేల మీద కొలిచి, అక్కణ్ణుంచి కొండ మీద నుంచి కొండ మీదకి కోణాలు చూసుకుంటూ దేశమంతా త్రిభుజాలు అల్లేశారు. ఆ బేస్‌లైన్లలో విశాఖపట్నం పేరుతో ఒకటుంది, 1860లలో కొలిచారు. కో.భు.కో అని మంత్రం చదివించే మాస్టారు ఈ ఊళ్లోనే కూర్చుని ఆ సంగతి చెప్పడు. మూడు చువ్వలు మూలల్లో బోల్టులు వేసి బిగిస్తే ఆకారం కదలదు, నాలుగు చువ్వలు బిగిస్తే పక్కకి ఒరిగిపోతుంది. పోర్టులో కొన్ని క్రేన్ల చేతులు త్రిభుజాల అల్లిక ఎందుకయ్యాయో భు.భు.భు చెబుతుంది. కాన్వెంట్ జంక్షన్ దాటి వెళ్లే ప్రతి బడి బస్సు కిటికీలోంచీ ఆ క్రేన్లు కనబడుతూనే ఉంటాయి.

ఇది ఉక్కు నగరం కాబట్టి ఉక్కులోనే ఇంకొంచెం చెప్పనివ్వండి. 16 ఎంఎం ఊచ ఒకటి, 8 ఎంఎం ఊచలు నాలుగు తీసుకోండి. అడ్డుకోత వైశాల్యం రెండు వైపులా 201 చదరపు మిల్లీమీటర్లే. మీటరుకి బరువు అటు కిలో 580 గ్రాములు, ఇటు 395 గ్రాములవి నాలుగు, అంటే అదే కిలో 580. కాటా మీద సమానం. సైటులో పదహారు ఊచ అయిపోతే "అదే ఇనుము కదండీ, ఎనిమిదివి నాలుగేసి లాగించేద్దాం" అనే మేస్త్రిని మీరూ చూసే ఉంటారు. అదే ఇనుమే, కాదనను. కానీ ఆ నాలుగింటి పైచర్మం ఒక్కదాని పైచర్మానికి రెట్టింపు. కాంక్రీటు పట్టుకునేది పైచర్మాన్నే కాబట్టి పట్టు పెరుగుతుంది, మంచిదే. మరి ఉప్పుగాలి తినేదీ పైచర్మాన్నే. చుట్టూరా అర మిల్లీమీటరు తుప్పు తినేసిందనుకోండి. పదహారు ఊచ పదిహేనవుతుంది, వైశాల్యంలో నూటికి 12 పోతుంది. ఎనిమిది ఊచ ఏడవుతుంది, నూటికి 23 పోతుంది. మొదలెట్టినప్పుడు సమానం, ఏళ్లు గడిచేసరికి ఎక్కడి సమానం? యారాడ నుంచి భీమిలి దాకా సముద్రం ఒడ్డున మేడలు కట్టుకున్న వాళ్లని అడగండి, బాల్కనీ కింద పెచ్చులూడి ఎర్రగా తేలిన ఊచల్ని వాళ్లు రోజూ చూస్తున్నారు.

ఇంకో జత. 50 ఎంఎం స్క్వేర్ బార్ ఒకటి, 100 వెడల్పూ 25 మందమూ ఉన్న ఫ్లాట్ ఒకటి. రెండింటి అడ్డుకోతా 2,500 చదరపు మిల్లీమీటర్లు. మీటరుకి 19.6 కిలోలు. ఆటోనగర్‌లో ఏ కాటా మీద పెట్టినా ముల్లు ఒకే చోట ఆగుతుంది. ఫ్లాట్‌ని అంచు మీద నిలబెట్టి, రెండింటినీ రెండు దిమ్మల మధ్య దూలాల్లా వేసి, నడుమ ఒకే బరువు వేలాడదీయండి. స్క్వేర్ బార్ ఎంత వంగుతుందో అందులో నాలుగో వంతే ఫ్లాట్ వంగుతుంది. వంగకుండా ఆపే గుణానికి లెక్క వేరు: వెడల్పుని లోతు ఘనంతో గుణించి పన్నెండుతో భాగించాలి. లోతు రెట్టింపైతే అది ఎనిమిది రెట్లు, వెడల్పు సగమైంది కాబట్టి నికరం నాలుగు రెట్లు. స్టీల్ ప్లాంట్ వాళ్లు చానళ్లూ యాంగిళ్లూ అచ్చంగా ఆ ఆకారాల్లోనే ఎందుకు తీస్తున్నారు, ఉత్త కడ్డీలు తీసి అమ్మేస్తే పోదా? కిలో కిలోకి సమానమే కదా!

ఇప్పుడు అదే ఫ్లాట్‌ని పడుకోబెట్టండి. నిలబెట్టినప్పటికంటే పదహారు రెట్లు వంగుతుంది. చూశారా, ఇక్కడ సర్వసమానం కూడా చాలలేదు. నిలబడ్డ ఫ్లాటూ పడుకున్న ఫ్లాటూ ఒకదానికొకటి సర్వసమానమే, సందేహం లేదు. సర్వసమానం ఆకారానికీ పరిమాణానికీ పూచీ పడుతుంది గానీ, వస్తువు ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది అన్నది దానికి పట్టదు. కింద మెట్టు కొలతల సమానత్వం, దాని పైమెట్టు సర్వసమానత్వం, ఆ పైన ఉన్నది 'అదే వస్తువు, అదే చోట' అన్నది. ఈ మూడు మెట్లనీ ఒకే మాట కింద తొక్కేసి, ఎవరికి ఎప్పుడు ఏది లాభమో అది వాడుకుంటున్నారు.

వాడుకునేవాళ్లు అంటే ఎవరో కాదు. పెందుర్తి అవతల బిట్లు అమ్మేవాడు వాడుకుంటాడు. 40 అడుగులకి 45 అడుగులు అయితే 200 గజాలు. 20 అడుగులకి 90 అడుగులైనా 200 గజాలే. గజం రేటు ఒకటే, రిజిస్ట్రేషన్ ఒకటే. మొదటిదానిలో ఇల్లు కడతారు. రెండోదానిలో రెండు పక్కలా సెట్‌బ్యాక్ వదిలాక మిగిలేదాన్ని సందు అంటారు. ప్రహరీ కట్టాలన్నా మొదటిదానికి 170 అడుగులు, రెండోదానికి 220 అడుగులు. ఢిల్లీలో కూర్చున్నవాళ్లూ వాడుకుంటారు. టన్నుకి ఇంత ఖర్చు, టన్నుకి అంత నష్టం అని విశాఖ ఉక్కుని మిగతా కర్మాగారాల పక్కన నిలబెట్టి, టన్నూ టన్నూ సమానం అన్నట్టు మాట్లాడతారు. సొంత ఇనుప గనులున్న ప్లాంటు టన్నూ, సొంత ఇనుప గని ఒక్కటీ లేకుండా నడిచిన ప్లాంటు టన్నూ ఏ లెక్కలో సర్వసమానం? 1966లో ప్రాణాలిచ్చి సాధించుకున్న ప్లాంటుని 2021 జనవరి 27న నూరు శాతం అమ్మేద్దామని కేంద్ర మంత్రివర్గ సంఘం తలూపింది. ఆ తర్వాత జరిగిన ఎన్ని చర్చల్లో ఆ ఒక్క టన్ను అంకె తప్ప ఇంకో కొలత వినబడిందో మీకే తెలుసు.

పోర్టు సంగతి క్లుప్తంగా. కంటెయినర్లు ఒకదాని మీద ఒకటి మేడలా నిలుస్తున్నాయంటే వాటి మూలలు సర్వసమానంగా ఉండబట్టే. లెక్క రాసుకునేటప్పుడు మాత్రం నలభై అడుగులది ఒకటి ఇరవై అడుగులవి రెండింటికి సమానం అంటారు. నేల మీద కొలవండి. ఇరవైది 6.058 మీటర్లు, రెండు కలిపితే 12.116. నలభైది 12.192. నడుమ 76 మిల్లీమీటర్ల తేడా, అది కావాలనే వదిలిన తేడా, లేకపోతే రెండు ఇరవైల మీద ఒక నలభై కూర్చోదు. రిజిస్టరులో సమానం చేయడానికి, ఓడలో సర్దడానికి మధ్య ఉన్న మూడంగుళాలు అవి.

స్కిండియా వైపు, ఓడలు కట్టే చోట, ఇంకొకటుంది, అది నాకు మరీ ఇష్టం. ఓడ పొట్టకి ఎడమ వైపు వంపు తిరిగిన రేకులు, కుడి వైపు వంపు తిరిగిన రేకులు అద్దంలో ప్రతిబింబాలు. పొడవులు, కోణాలు, వైశాల్యం అన్నీ ఒకటే. అయినా ఎడమ రేకుని కుడి వైపు బిగించలేరు. కాగితం మీద త్రిభుజాన్నైతే బోర్లిస్తే సరిపోతుంది, వంపు రేకుని ఎంత బోర్లించినా సరిపోదు. ఎడమచేతి తొడుగు కుడిచేతికి ఎక్కనట్టే అది. తత్త్వవేత్త కాంట్ అంతటివాడు 1768లో ఈ చిక్కు మీద ఒక వ్యాసమే రాశాడు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగిన జల ఉష ఓడకి ప్లేట్లు కొట్టిన కార్మికులు కాంట్‌ని చదివి ఉండరు. ఏ రేకు ఏ పక్కదో గుర్తు పెట్టుకోకుండా మాత్రం ఒక్క ప్లేటూ కోసి ఉండరు. వాళ్ల మనవలకి మనం చెప్పేది: అల గియ్యాలి.

'ఇవన్నీ మన శుల్బసూత్రాల్లోనే ఉన్నాయి' అనే దేశభక్తులు ఈపాటికి లేచి ఉంటారు. ఉన్నాయి బాబూ, ఉన్నాయి కాబట్టే నీ మీద నాకు ఎక్కువ కోపం. అగ్నిచయనంలో వేదికి గద్ద ఆకారం వేసినా, చక్రం ఆకారం వేసినా వైశాల్యం ఏడున్నర చదరపు పురుషలే ఉండాలి. ఒక్కో వరసకి 200 ఇటుకలు, అయిదు వరసలు. ఆకారం మారుతుంది, వైశాల్యం మారదు. అంటే సర్వసమానం కానిదాన్ని సమానంగా నిలబెట్టడమే ఆ విద్య మొత్తం. తెలుగునాట ఆపస్తంబ సూత్రం చెప్పుకునే కుటుంబాలు కోకొల్లలు. వాళ్లలో ఆపస్తంబుడి పేరుతో ఒక జ్యామితి గ్రంథం ఉందని తెలిసినవాళ్లు ఎందరు? 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు వైశాల్యాలు సమానమై, ఒకదాని చుట్టుకొలత రెండోదానికి రెట్టింపయ్యే దీర్ఘచతురస్రాలు కనుక్కోమని లెక్క ఇచ్చాడు. మీరూ చేసి చూడండి: 6 కి 10 ఒకటి, 2 కి 30 ఒకటి. వైశాల్యం రెండింటికీ 60, చుట్టుకొలతలు 32, 64. ఆయన గణితసార సంగ్రహాన్నే మన పావులూరి మల్లన తెలుగు చేశాడు. తెలుగులో తొలి గణిత గ్రంథం అని సభల్లో దండ వేసి దణ్ణం పెడతారు. దణ్ణం పెట్టేవాళ్లలో ఒక్కడు ఆ లెక్క ఒక్కటి బల్ల మీద వేసి చూపిస్తే ఎంత బాగుండును.

యూక్లిడ్ని కూడా వదలను. ఆయన మొదటి పుస్తకంలో నాలుగో ప్రతిపాదన దగ్గర ఒక త్రిభుజాన్ని ఎత్తి ఇంకోదాని మీద పెట్టి సమానం అంటాడు. ముప్ఫై అయిదో ప్రతిపాదనకి వచ్చేసరికి ఒకే భూమి మీద, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్న సమాంతర చతుర్భుజాలు సమానం అంటాడు, అవి ఒకదాని మీద ఒకటి కూర్చోనక్కర్లేదు. మాట ఒకటే, అర్థం రెండు. ఆయనకి తెలుసు, ముక్కలు తీసీ కలిపీ నిరూపించుకుంటూ వెళ్లాడు. ఎత్తి మీద పెట్టడం అంటే ఏమిటి, ఎత్తేటప్పుడు ఆకారం మారదని ఏం భరోసా అని తర్వాతి వాళ్లు రెండువేల ఏళ్లు పీడించుకు తిన్నారు. 1899లో హిల్బర్ట్ వచ్చి, ఎత్తడాలూ పెట్టడాలూ వద్దు, సర్వసమానం అన్నదాన్నే మూలంలో పెట్టి దానికి స్వీకృతాలు రాసుకుందాం అన్నాడు. భు.కో.భు ని స్వీకృతాల్లోనే కలిపేశాడు. మరుసటి ఏడాది ఆయనే ఒక ప్రశ్న వేశాడు. తలం మీద వైశాల్యాలు సమానమైన రెండు బహుభుజుల్లో ఒకదాన్ని ముక్కలు కోసి రెండోదిగా పేర్చవచ్చు, ఘనపరిమాణాలు సమానమైనప్పుడు కూడా అలా కుదురుతుందా? ఆయన శిష్యుడు మాక్స్ డేన్ కుదరదని తేల్చేశాడు. ఘనాన్ని ఎన్ని ముక్కలు కోసినా అంతే పరిమాణమున్న సమ చతుర్ముఖిగా పేర్చలేరు. స్టీల్ మెల్టింగ్ షాపులో కరిగించి పోస్తే అవుతుంది గానీ, కత్తితో కోస్తే కాదు. సమానం అన్న మాటలో ఇన్ని అగాధాలున్నాయి, మనవాళ్లకి అది రెండు గీతలు!

ఈ ఊళ్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1945లో ఒక అసమానత నిరూపించి ప్రపంచంలో ఊరి పేరు నిలబెట్టారు. అసమానతకి అంత కీర్తి తెచ్చిన ఊళ్లో సమానతకి పట్టిన గతి ఇది.

నాకు తెలిసిన మేధావులు కొందరు దీన్ని చాదస్తం అంటారు. వాళ్ల దగ్గర పెద్ద సాక్షి ఉన్నాడు. అమెరికాలో కొత్త గణితం పేరుతో మాటమాటకీ నిర్వచనం, గుర్తుగుర్తుకీ పట్టింపు వచ్చిపడ్డప్పుడు, 1965లో భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ ఆ పాఠ్యపుస్తకాలని ఉతికి ఆరేశాడు. బంతికి రంగు వెయ్యి అంటే తప్పట, బంతి బొమ్మకి రంగు వెయ్యి అనాలట, దాంతో పిల్లకి ఒరిగిందేమిటని అడిగాడు. నేనూ ఆయన పక్షమే! అల గియ్యని పిల్లని నేను సమర్థిస్తున్నది అందుకే. అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎక్కడ కూర్చుంటాయో ఎక్కడ కూర్చోవో తెలుసుకున్న పిల్ల ఏ గుర్తు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. మన బళ్లు చేసింది సరిగ్గా తలకిందులు. ఫైన్‌మన్ తిట్టిన పట్టింపుని అంటిపెట్టుకుని, ఆ పట్టింపు దేనికోసం పుట్టిందో దాన్ని పారేశారు. గుర్తుకి అర మార్కు, అర్థానికి సున్నా.

పారేశారని ఊరికే అనడం లేదు. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి గణితంలో సమాంతర చతుర్భుజాలు, త్రిభుజాల వైశాల్యాలు అని ఒక అధ్యాయం ఉండేది. సర్వసమాన పటాల వైశాల్యాలు సమానం, కానీ వైశాల్యాలు సమానమైన పటాలు సర్వసమానం కానక్కర్లేదు అని మొదట్లోనే చెప్పి, యూక్లిడ్ ముప్ఫై అయిదో ప్రతిపాదనని పిల్లల చేత నిరూపింపజేసే అధ్యాయం అది. నేను ఇంతసేపు అరిచిందంతా అందులో నాలుగు పేజీల్లో ఉంది. 2022లో పిల్లలకి భారం తగ్గిస్తున్నామని ఆ అధ్యాయం మొత్తాన్ని ఎత్తేశారు. సర్వసమానత్వం అధ్యాయం మాత్రం ఉంచారు. అంటే మంత్రాలు ఉన్నాయి, మంత్రాలు ఎక్కడ పనిచేయవో చెప్పేది పోయింది. మన రాష్ట్రమూ ఆ బండే ఎక్కింది. 2025 మార్చిలో పదో తరగతి పిల్లలు ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌తోనే పరీక్షలు రాశారు. భారం తగ్గించాలంటే తగ్గించడానికి చోటు లేదా? తెల్లారగట్ల స్టడీ అవర్లు తగ్గించండి. వారం వారం ర్యాంకుల పరీక్షలు తగ్గించండి. ఆలోచన పుట్టించే పాఠమే బరువైపోయిందా మీకు? తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడ గడ్డి కోసం అన్నట్టుంది ఈ సాకు.

ఇంకా ఒక్కటి, ఎందుకంటే ఇది నా మనసులో ముల్లులా ఉంది. రెండు భుజాలు సమానమైన త్రిభుజంలో వాటికెదురుగా ఉన్న కోణాలు సమానం అన్నదానికి పాపస్ అనే అలెగ్జాండ్రియా పెద్దాయన ఇచ్చిన నిరూపణ ఒకటుంది. కొత్త గీత ఒక్కటీ గీయడు. ఏబీసీ త్రిభుజాన్ని ఏసీబీ త్రిభుజంతో, అంటే దాన్ని దానితోనే, తిరగేసి పోలుస్తాడు. ఏబీకి జోడీ ఏసీ, ఏసీకి జోడీ ఏబీ, నడిమి కోణం ఒకటే. భు.కో.భు, అయిపోయింది. త్రిభుజం తనకు తాను సమానం అంటే అందులో వార్తేమీ లేదు. తనకు తాను తిరగేసినా సర్వసమానం అంటే అందులోంచి ఒక సిద్ధాంతం ఊడిపడింది. రెండు నిమిషాల పని. కోణ సమద్విఖండన రేఖ గీసి నిరూపించకపోతే ఇక్కడ మార్కులు రావు, పాపస్ పరీక్ష రాస్తే తప్పిపోతాడు.

మాస్టార్లూ, టీచరమ్మలూ, మీ నెత్తి మీద సిలబస్సూ యాజమాన్యమూ ఉన్నాయని తెలుసు. ఒక్క పీరియడ్ దొంగిలించండి. 20, 21, 29 ఒకటి, 17, 25, 28 ఒకటి అట్టతో కోయించి పిల్లల చేతుల్లో పెట్టండి, మీరేమీ చెప్పొద్దు. తల్లిదండ్రులూ, వచ్చే పేరెంట్స్ మీటింగులో ర్యాంకు అడిగే ముందు, వైశాల్యం సమానమైతే సర్వసమానమా అని ప్రిన్సిపాల్‌ని అడగండి, ఏం చెబుతారో వినండి. 2022కి ముందు తొమ్మిదో తరగతి గణితం పుస్తకం మీ ఇంట్లో అటక మీద ఉంటే పాత పేపర్ల వాడికి వెయ్యకండి. వైశాల్యాల పాఠం ఉన్న పుస్తకం అది. ఈ ఏడు తొమ్మిదికి వచ్చిన పిల్ల మీ వీధిలో ఎవరుంటే వాళ్లకి ఇవ్వండి.